గోడ మీద రాసిన మూడు బై మూడు

నా ఎడమ బుగ్గ మీద ఒక మచ్చ ఉంది. పాత అర్ధరూపాయి బిళ్ళంత ఉంటుంది. మధ్యలో కాస్త లోతు, చుట్టూ మెరుపు. కొత్తవాళ్ళు అది చూసి చూపు తిప్పుకుంటారు. మర్యాదస్తులైతే నా కుడి బుగ్గతో మాట్లాడతారు. పుట్టి ఇరవై నాలుగేళ్ళయినా ఆ కుడి బుగ్గకి ఇంత గౌరవం ఎప్పుడూ దక్కలేదు.

ఎలా వచ్చిందని అడిగినవాళ్ళకి ఇన్నాళ్ళూ మనిషికో కథ చెప్పాను. ఒకరికి ఎలుగుబంటి, ఒకరికి వేడినూనె, ఒక పెద్దాయనకి పెళ్ళి ఊరేగింపులో తారాజువ్వ. ఆ పెద్దాయన తారాజువ్వ కంపెనీ మీద కేసు వేయమని సలహా కూడా ఇచ్చాడు. పుండు మానిపోయింది కాబట్టి ఇప్పుడు నిజం రాస్తున్నాను. పుండు గురించి రాయడానికి నాకేమీ సిగ్గు లేదు. సిగ్గు దాని పక్కన ఇంకొకటుంది, దాని గురించి.

నా పేరు సింహాచలం. మాది రాయగడ. తాత పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు, నాన్న మునిసిపాలిటీ నీళ్ళ పంపు దగ్గర ఆపరేటరు. నేను ఏడాదికి రెండు విడతలు మలేరియా మందు కొట్టే జట్టులో కూలీని. భుజానికి పంపు తగిలించుకుని, ఊరూరా తిరిగి, ఇళ్ళలో గోడలకి పురుగుమందు కొట్టాలి. మిగతా నెలల్లో ఏం చేస్తావని అడగకండి. ఆ ప్రశ్న మా నాన్న రోజూ అడుగుతాడు.

మే, జూన్

కాశీపూర్ నుంచి జీపులో గంట, జీపు ఆగిపోయిన చోటు నుంచి కాలినడకన ఇంకో గంట వెళ్తే వచ్చే ఊరది. పేరు రాయను. తప్పు ఆ ఊరిది కాదు.

జట్టు మొత్తం బడిలో పడుకునేది. మా సూపర్‌వైజరు గురకకి బడిగంట తనంతట తనే మోగుతుందేమోనని భయమేసి, నేను సమారి ఆయి ఇంటికి మకాం మార్చాను. ఆయి అంటే అక్కడ అమ్మమ్మ. ఆవిడకి ఐదేళ్ళ మనవరాలు, పేరు గురుబారి. లక్ష్మివారం పుట్టింది కాబట్టి ఆ పేరు. పిల్ల తల్లీతండ్రీ పనుల కోసం బయటి రాష్ట్రం వెళ్ళారు. మేం మాట్లాడుకున్నదంతా దేశియాలో, అంటే అక్కడి కొండ ఒడియాలో. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను కాబట్టి ఆవిడ దెప్పుళ్ళలో సగం పదును పోయిందనే అనుకోండి.

ఇల్లు మూడు భాగాలు. ముందు గది, దాని వెనక విత్తనాల గది, పక్కన ఒకే ఆవు, ఒకే దూడ ఉండే పశువుల సాల. నా నులక మంచం ఆ సాలలో ఓ మూల వేసింది ఆయి. చల్లగా ఉండేది. సాయంత్రం కాగానే గురుబారి వచ్చి మంచమెక్కి, నా ఫోనులో కోతుల వీడియోలు చూసి, అక్కడే నిద్రపోయేది. వాళ్ళమ్మమ్మ ఎత్తుకుపోయేదాకా కదిలేది కాదు.

మా పని పద్ధతి ఒకటి చెప్పాలి. మందు కొట్టాక తలుపు పక్కన గోడ మీద ఎర్రరంగుతో తేదీ వేసి, కొట్టిన గదులు ఎన్నో, మొత్తం గదులు ఎన్నో రాయాలి. మూడు గదులుంటే, మూడూ కొడితే, మూడు బై మూడు. పశువుల సాల కూడా గది కిందే లెక్క. గోడ మీది అంకే రిజిస్టరులోకి పోతుంది, రిజిస్టరులోంచి పైకి పోతుంది. పైన కూర్చున్నవాళ్ళకి ఆ ఇల్లంటే ఆ అంకే.

ఆయి ఇంటి వంతు వచ్చిన రోజు ముందు గది కొట్టాను. విత్తనాల గది గుమ్మంలో ఆవిడ అడ్డంగా నిలబడింది.

"ఇందులోకి వద్దు. విత్తనాలున్నాయి."

"మందు విత్తనాలకి కాదు ఆయీ, దోమలకి."

"ఆ సంగతి విత్తనాలకి తెలుసా?"

దీనికి సమాధానం మా శిక్షణలో చెప్పలేదు. చెప్పింది ఏమిటంటే, సామాను బయట పెట్టి, గుడ్డ కప్పి, గోడలు కొట్టి, ఆరాక మళ్ళీ లోపల పెట్టాలని. ఆ గదిలో పదకొండు కుండలు. బయట మే నెల ఎండ. ముసలమ్మ మాట కాదనడం ఎందుకని వదిలేశాను. చాలా రోజులు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. మాట కాదనలేక వదిలేశానని. కుండ ఒక్కొక్కటి అరబస్తా బరువుంటుందన్న సంగతి ఆ కథలో రాదు.

ఇక పశువుల సాల. దానికి ఆవిడ అడ్డు చెప్పలేదు. ఆవునీ దూడనీ విప్పి బయట కట్టి, "కొట్టుకో" అని పక్కకి తప్పుకుంది కూడా. అది కొట్టనిది నేనే. ఎందుకంటే నా మంచం అక్కడుంది. ఆ మందు వాసనకి నాకు తలనొప్పి. రోజంతా ఊరివాళ్ళ ఇళ్ళన్నీ ఆ వాసనతో నింపి, సాయంత్రం నాకు మాత్రం వాసన లేని చోటు కావాలి.

బయటికొచ్చి గోడ మీద మూడు బై మూడు రాశాను. చేతిరాత బాగా కుదిరింది. ఆయికి చదువు రాదు. నా రాతని చూసి, "ముగ్గులా ఉంది" అంది.

వారం తిరిగేసరికి నా మెడ మీద, చేతుల మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి. గోక్కుని గోక్కుని ఒళ్ళు తురిమిన కొబ్బరిచిప్పలా అయింది. ఆయి చేతులు చూస్తే నున్నగా ఉన్నాయి, ఒక్క పొక్కు లేదు.

"చూశావా ఆయీ, మీ ఇంట్లో పురుగే లేదు. ఉంటే నిన్నూ కుట్టేది కదా. ఇదంతా నా దుప్పట్లో నల్లుల పనే."

"నీ దుప్పటి నువ్వు తెచ్చుకున్నదే" అంది ఆవిడ, మాండియా పేజ్ గిన్నె నా ముందు పెడుతూ. అది చోడి జావ, చల్లగా పుల్లగా ఉంటుంది. రోజూ పోసేది. ఆ జావ తాగుతూ నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను. పురుగే లేని చోట మందు కొట్టకపోతే తప్పేముంది? లోపల ఎక్కడో కలుక్కుమంటున్నది ఆ ముక్కతో సర్దుకుంది.

ఆగస్టు

రెండో విడతకి వెళ్ళేనాటికి నా బుగ్గ మీద చిన్న ఎర్రటి బుడిపె ఉంది. నొప్పి లేదు, దురద లేదు. మొటిమ అనుకున్నాను. ఇరవై నాలుగేళ్ళకి మొటిమ వచ్చిందంటే ఇంకా పెళ్ళీడు దాటలేదని సంతోషించాను.

ఆయి ఇంటి ముందు గురుబారి ఎదురొచ్చింది. దాని కుడి బుగ్గ మీద కూడా ఒకటి. నాదానికన్నా పెద్దది, నడుమ చెక్కు కట్టింది.

"ఏయ్, మనిద్దరం ఎదురెదురుగా నిలబడితే అద్దం అక్కర్లేదు" అన్నాను. పిల్ల నవ్వింది. నా బుగ్గ ముట్టి, తన బుగ్గ ముట్టి, "నాది పెద్దది" అంది గొప్పగా. ఆ రోజు నుంచి దాన్ని 'బొట్టు రాణి' అని పిలిచాను. ఊళ్ళో మిగతా పిల్లలూ అందుకున్నారు. రెండోనాటికి అది బుగ్గకి చెయ్యి అడ్డం పెట్టుకుని తిరగడం చూశాను. చూసి ఏం చేశానంటే, ఇంకో జోకు వేశాను.

ఆ విడత కూడా ముందు గదే కొట్టాను. పాత అంకె కింద కొత్త తేదీ వేసి మళ్ళీ మూడు బై మూడు రాశాను. మొదటిసారి చెయ్యి కాస్త ఆగింది. రెండోసారి అదీ లేదు.

సెప్టెంబరు

రాయగడ వచ్చేసరికి మొటిమ పగిలి పుండయింది. గట్టి అంచు, మధ్యలో గుంట. అమ్మ పసుపు పెట్టింది. చెల్లి రమ టూత్‌పేస్టు పెట్టింది. వీధి చివర ఇంజక్షన్లు చేసే ఆయన గొట్టం మందు రాశాడు, అది అయిపోతే ఇంకో గొట్టం. పుండుకి మాత్రం ఇవన్నీ పోషకాహారంలా పనిచేశాయి.

ఇంట్లో ఎవరూ ఒక మాట పైకి అనలేదు. అది అనకుండా తిరగడానికి ముగ్గురూ ఎంత అవస్థ పడ్డారో! చివరికి అమ్మే ఒకనాడు పొయ్యి దగ్గర నుంచి, నా వైపు చూడకుండా అడిగింది.

"ఒరే సిమ్మా, సెయ్యి గిల్లితే తెలస్తందేటి?"

"తెలస్తంది గాని, ఎందుకూ?"

"ఏటి లేదు. ఊరికినే."

ఊరికినే కాదు. అది కుష్టు అని అమ్మ భయం. మర్నాటి నుంచి నా కంచం, గ్లాసు గూట్లో వేరే కూర్చున్నాయి. రమ తువ్వాలు దాచుకుంది. పక్కింటావిడ అడిగితే అమ్మ "గేదె పొడిసింది" అని చెప్పింది. మా వీధిలో గేదె లేదు. నేను వచ్చి, "అవునండి, సంతకి వచ్చిన గేదె, నేనంటే దానికి ఎప్పుడూ పడదు" అని సాక్ష్యం చెప్పాను. ఆవిడ నవ్వలేదు. ఒక అడుగు వెనక్కి వేసింది.

అప్పుడు నాకు గురుబారి చెయ్యి గుర్తొచ్చింది, బుగ్గకి అడ్డం పెట్టుకున్న చెయ్యి.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నాన్న డ్యూటీ నుంచి వచ్చి, గూట్లోంచి నా కంచం తీసి, దాంట్లో అన్నం పెట్టుకుని తినేశాడు. అమ్మ నోరు తెరిచింది.

"ఏటలగ సూస్తన్నావు? మిగతా కంచాలు కడగనేదు" అన్నాడు. కడిగిన కంచాలు మూడు ఆయన మోకాలి పక్కనే ఉన్నాయి. తిన్నాక చెయ్యి కడుక్కుంటూ నాతో అన్నాడు, "రేపు రైలెక్కు. కొరాపుట్ పెద్దాసుపత్రికి పో. మొకం మీద మేకప్పు తరవాత ఏద్దువు గాని."

ఆయన హాస్యం ఆ మాత్రమే ఉంటుంది. ఆ రోజు అది నాకు చాలా ఎక్కువైంది. పెరట్లోకి వెళ్ళిపోయాను.

అక్టోబరు

రాయగడ, కొరాపుట్ లైనులో సొరంగాలు ఎక్కువ. వాన పడుతోందని కిటికీ అద్దాలు దించారు. సొరంగం వచ్చినప్పుడల్లా అద్దంలో నా మొహం ప్రత్యక్షం. వెలుగు రాగానే మొహం పోయి కొండలొచ్చేవి. ఆ కొండలు ఎప్పుడూ అంత అందంగా కనపడలేదు. నా ఎదురు సీట్లో ఇద్దరు కూర్చుని, కాసేపటికి లేచి తలుపు దగ్గర నిలబడ్డారు. రైలు నిండా జనం, నాకు మాత్రం బల్ల మొత్తం. కాళ్ళు చాపుకోమని ఆహ్వానంలా ఉంది గానీ చాపుకోలేదు.

కకిరిగుమ్మలో టీ అమ్మే ముసలాయన కిటికీ దగ్గరకొచ్చాడు. అందరికీ కాగితం కప్పుల్లో పోశాడు. కప్పులు అయిపోయాయేమో, నాకు గాజు గ్లాసులో ఇచ్చాడు. నేను తాగి ఇచ్చిన గ్లాసుని బాల్టీలో ముంచి, అదే గ్లాసులో తనకి పోసుకుని తాగాడు. నా మొహం చూశాడో లేదో తెలియదు. చూసే ఉంటాడు. ఆ స్టేషనులో ఇప్పటికీ నేను టీ తాగకుండా పోను.

చర్మవ్యాధుల గది ముందు బెంచీ మీద పొద్దున్న నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. అక్కడ అందరం ఏదో ఒకటి దాచుకునేవాళ్ళమే. చీరకొంగులు, మంకీక్యాపులు, ఒకాయనైతే ఆ ఉక్కలో చేతితొడుగులు. పక్కవాడి జబ్బు ఏమిటో ఊహించడమే అక్కడ కాలక్షేపం. నా వంతు పిలిచేసరికి నేను నలుగురికి రోగాలు ఖాయం చేసి ఉన్నాను.

డాక్టరమ్మ ఒడియా ఆవిడ. బరంపురంలో పెరగడం వల్ల తెలుగు వచ్చు. పుండు అంచు గీకి, గాజుపలక మీద రాసి, పరీక్షకి పంపింది. మర్నాడు రమ్మంది. వెళ్తే చెప్పింది.

"ఇది కుష్టు కాదు. లీష్మేనియాసిస్. ఇసుక ఈగ కుడితే వస్తుంది. దోమలో మూడో వంతు ఉంటుంది, చప్పుడు చేయదు. పగలు మట్టిగోడల పగుళ్ళలో, పశువుల సాలల్లో దాక్కుంటుంది. మనిషి నుంచి మనిషికి ముట్టుకుంటే రాదు. నయమవుతుంది. మచ్చ ఉంటుంది."

నేను మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. కుష్టు కాదు. వెంటనే అమ్మకి ఫోన్ చేయాలనిపించింది. డాక్టరమ్మ మాత్రం కాగితం మీద పెన్ను పెట్టి ఎదురుచూస్తోంది.

"ఈ వైపు ఇది అరుదు. నువ్వెక్కడ పడుకున్నావో తెలియాలి. ఏం పని చేస్తావు?"

"మందు కొడతానండి. గోడలకి."

ఆవిడ తలెత్తి చూసింది. నవ్వు ఆపుకుంది. "ఈ మందుకి ఈ ఈగ కూడా చస్తుంది కదా. మందు కొట్టని ఇంట్లో పడుకున్నావా?"

"చాలా ఊళ్ళు తిరిగామండి. గుర్తులేదు."

"పడుకున్న ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి పుండుందా?"

"లేదండి."

నా జీవితంలో నేను వేసిన జోకులన్నీ అబద్ధాలే. ఎలుగుబంటీ అబద్ధమే, గేదే అబద్ధమే. వాటికి ఎవరూ కాగితం పెట్టి రాసుకోలేదు. దీన్ని ఆవిడ రాసుకుంది. ఆ ఊరి పేరు చెప్తే రిజిస్టరు తీస్తారు, గోడ చూస్తారు, మూడు బై మూడు కొట్టిన సాలలో ఈగ ఎలా బతికిందని అడుగుతారు. నా ఉద్యోగం, అంటే ఏడాదికి నాలుగు నెలల ఆ కూలి, దానికోసం ఒక పిల్ల మొహాన్ని "లేదండి" అన్నాను.

తర్వాత వారానికోసారి రైలు, వారానికోసారి పుండులోకే ఇంజక్షన్. దాని గురించి ఎక్కువ రాయను. మొదటిసారి నేను చేసిన చప్పుడుకి బయట బెంచీ మీది జనంలో ఇద్దరు ఇంటికెళ్ళిపోయారని కాంపౌండరు చెప్పాడు. సూది దిగిన ప్రతిసారీ, ఇది ఆ పిల్లకి అందాల్సింది కదా అని ఒకటి తగిలేది. బుగ్గ నొప్పి సాయంత్రానికి తగ్గేది.

మూడో వారం పుండు అంచు మెత్తబడింది. డాక్టరమ్మ సంతోషంగా ఉంది. నేను ఊరికే అడిగినట్టు అడిగాను. "ఒకే చోట ఇద్దరుంటే, ఒకరికి దద్దుర్లు లేచి, ఇంకొకరికి ఏమీ లేకపోతే, ఆ రెండోవాళ్ళని కుట్టనట్టే కదండీ?"

"ఎవరు చెప్పారు?" అంది. "కుట్టేటప్పుడు ఈగ ఉమ్ము ఒంట్లోకి దిగుతుంది. కొత్త ఒళ్ళు దానికి అల్లరి చేస్తుంది, అదే దద్దురు. చిన్నప్పటి నుంచీ కుట్టించుకున్న ఒంటికి ఆ ఉమ్ము అలవాటు. కుట్టినా ఊరుకుంటుంది. దద్దురు లేదంటే ఈగ లేదని కాదు, ఏళ్ళ తరబడి ఉందని."

ఆవిడ చెప్పుకుపోతోంది. అలా అలవాటైన ఒళ్ళు కొన్నిసార్లు జబ్బునీ కాస్త తట్టుకోవచ్చట, కానీ దాన్ని నమ్ముకోకూడదట. చిన్నపిల్లల ఒళ్ళు ఇంకా నేర్చుకునే దశలో ఉంటుందట.

"మరి ఈ క్రిమిని ఒళ్ళు చంపదా అండీ?"

"చంపడానికే కణాలు వస్తాయి. క్రిమిని మింగుతాయి. తమాషా ఏమిటంటే అది ఆ మింగిన కణంలోనే కాపురం పెడుతుంది. కాపలావాడి ఇంట్లోనే దొంగ దాక్కున్నట్టు."

ఆ కాపలావాడు నాకు తెలుసు. వాడి పంపు మా ఇంట్లో మంచం కింద ఉంది.

"ఆ ఇంట్లో ఒక పాపకి ఉందండి" అన్నాను. "ఐదేళ్ళు. బుగ్గ మీద. ఆగస్టులోనే చూశాను." తర్వాత ఆగలేదు. కుండలు, మంచం, తలనొప్పి, మూడు బై మూడు, రెండుసార్లూ, అన్నీ కక్కేశాను. ఈ విషయం చెప్తే ఏదో పెద్ద సన్నివేశం అవుతుందనుకున్నాను. ఆవిడ కాగితం తీసింది.

"నీ అంకెలు మీ ఆఫీసుకి చెప్పుకో. ఊరు పేరు చెప్పు. పాప పేరు చెప్పు."

అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. పంపు హౌసులోనే, మోటారు చప్పుడులో, సగం వినపడదులే అని. మొత్తం విన్నాడు. మోటారు ఆపాడు.

"నాను ఒక్క పూట నీళ్ళు ఒదలకపోతే వీదంతా నన్ను తిడతాది. దానికి భయపడే ఒదుల్తన్నానేమో, నాకు తెలవదు. నిన్ను తిట్టడానికి ఆ ముసిల్దానికి తెలవదు గదరా."

"తప్పయిపోయింది నానా."

"నాకెందుకు సెప్తావు? నా గోడ మీద రాసేవేటి?"

నవంబరు

నా అంకెల సంగతి నేనే వెళ్ళి చెప్పగానే సూపర్‌వైజరు నా పేరు జట్టులోంచి కొట్టేశాడు. "నీ ఒక్కడి వల్ల నా రిజిస్టరు మొత్తం మళ్ళీ తిరగాలిరా" అన్నాడు. న్యాయమే. ఆ తిరుగుడులో ఆయనతో నేనూ కొన్ని ఊళ్ళు నడిచాను, కూలి లేకుండా, ఏ గోడ మీది నా రాత నిజమో, ఏది కాదో చూపిస్తూ. ఆయన దారి పొడుగునా నాతో మాట్లాడలేదు. గురక లేని సూపర్‌వైజరుని అదే మొదటిసారి చూడడం.

అప్పటికే ఆరోగ్య కార్యకర్తలు గురుబారిని కొరాపుట్ తీసుకెళ్ళి మందు మొదలుపెట్టారు. వేరే జట్టు ఆయి ఇంటికి మందు కొట్టడానికి వెళ్తుంటే, కూడా వస్తానని అడిగాను. నాన్న ఆ రోజు సెలవు పెట్టి నా వెంట వచ్చాడు. ఎందుకంటే, "కొండ ఎక్కి సాన్నాళ్ళయింది" అన్నాడు.

ఆయి గుమ్మంలో కూర్చుని ఉంది. గురుబారి నన్ను చూసి, చెయ్యి బుగ్గకి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. పుండు తగ్గుముఖం పట్టింది, చెయ్యి మాత్రం దిగలేదు. నా జోకు చేసిన గాయానికి సూది లేదు.

దారంతా ఒక ప్రసంగం తయారుచేసుకున్నాను. అక్కడ నిలబడేసరికి గోడ మీద నా రెండు వరుసలూ నిగనిగలాడుతూ కనపడ్డాయి. వేలితో చూపించాను.

"ఆయీ, ఇక్కడ నేను అబద్ధం రాశాను. మూడు గదులకీ మందు కొట్టానని రాశాను. కొట్టింది ఒకటే."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"నాకు చదువు రాదు గానీ, ముక్కు ఉంది. నా ఇంట్లో ఏ గది కంపు కొట్టిందో నాకు తెలీదా?"

"తెలిసీ ఎందుకు అడగలేదు?"

"విత్తనాల గది నేనే వద్దన్నా. సాలలో నువ్వు పడుకుంటావు. పడుకునేవాడివి నీకు లేని భయం నాకెందుకనుకున్నా. మందువాడివి నువ్వు కదా."

ఇన్ని నెలలుగా నేను భయపడింది ఆఫీసుకి, రిజిస్టరుకి. ఈవిడ నన్ను నమ్మిందని, నేను ఆ మంచం మీద హాయిగా పడుకోవడమే ఆవిడకి హామీ అయిందని, నాకు ఒక్కసారీ తట్టలేదు. చూపించిన వేలు గోడ మీదే ఉంచి నిలబడ్డాను. చివరికి నాన్నే తెలుగులో గొణిగాడు. "కుండలెక్కడున్నాయో అడగరా. నిలబడ్డానికేటి వచ్చేవు?"

పదకొండు కుండలు ఇద్దరం మోశాం. ఆయి వెనకే తిరుగుతూ ఏది ఏ విత్తనమో చెప్పింది, ఏది పగిలితే నన్నేం చేస్తుందో కూడా చెప్పింది. పాత చీర తెచ్చి కప్పింది. ఆవునీ దూడనీ విప్పాను. నా పాత నులక మంచం సాలలోనే ఉంది, దాన్నీ ఎత్తి ఎండలో వేశాను. జట్టువాళ్ళు కొడుతుంటే నేను బయట ఆవు పలుపు పట్టుకుని నిలబడ్డాను. వాసన వచ్చింది, తలనొప్పీ వచ్చింది. ఎవరికీ చెప్పలేదు.

గురుబారి ఆవు పక్కకి వచ్చింది. చాలాసేపు నా మచ్చ చూసింది.

"నీకూ సూది పొడిచారా?"

"పొడిచారు."

"ఏడ్చావా?"

"బయట కూర్చున్నవాళ్ళు పారిపోయేంత."

"నేను ఏడవలేదు" అంది. చెయ్యి బుగ్గ మీద నుంచి తీసి దూడ మెడ మీద వేసింది. ఆ చెయ్యి మళ్ళీ పైకి పోతుందేమోనని, నేను ఇంకేమీ అనకుండా నోరు మూసుకున్నాను. నా జీవితంలో అంత కష్టపడి ఏ పనీ చేయలేదు.

ఇప్పుడు

నా మందు పూర్తయింది. ఆ పిల్లదీ పూర్తయింది. ఇద్దరికీ మచ్చలు ఉంటాయి. నాది ఎలుగుబంటి కథకి పనికొస్తుంది. ఆ పిల్లకి అది మొహం. అమ్మ నా కంచం మామూలు కంచాల్లో కలిపేసింది, పక్కింటావిడ మాత్రం ఇంకా గేదె గురించి అడుగుతుంది.

ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా నొప్పి లేని పుండు మానకుండా ఉంటే, గొట్టాలు మార్చుకుంటూ కూర్చోకండి, పెద్దాసుపత్రికి పోండి. ఇంట్లోవాళ్ళు కంచం వేరు చేయకండి, అది ముట్టుకుంటే అంటదు. దద్దురు లేదు కాబట్టి పురుగు లేదని నాలాంటి తెలివైనవాడు చెప్తే నమ్మకండి. మీ ఇంటికి మందు కొట్టడానికి ఎవరైనా వస్తే వాడి వెనకే తిరగండి. అంతకన్నా చెప్పడానికి నాకు అర్హత లేదు.

ఆయి ఇంట్లో కుండలు మోసిన ఆ రోజు, పని అయ్యాక జట్టు లీడరు రంగు డబ్బా తీశాడు. నేను తడిగుడ్డతో నా పాత వరుసలు రెండూ తుడిచాను. గట్టిగా రాసుంటాను, ఎర్రటి మరక అలాగే ఉండిపోయింది. లీడరు తేదీ వేసి, అంకె వేయబోతుంటే ఆయి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు."

ముందు గదిలోకి వెళ్ళింది. గట్టిగా గాలి పీల్చిన చప్పుడు మాకు బయటికి వినపడింది. విత్తనాల గదిలోకి వెళ్ళింది, మళ్ళీ అదే చప్పుడు. తర్వాత సాలలోకి వెళ్ళింది. అక్కడ కాస్త ఎక్కువసేపు ఉంది. నా మంచం ఉండే మూలదాకా పోయి ఉంటుంది.

కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, దగ్గుతూ బయటికొచ్చింది. లీడరు వైపు కాదు, నా వైపు చూసింది.

"ఇప్పుడు రాయండి" అంది.